వేలూరు కోట నేర్పే పాఠం

వైద్యం కోసం వేలూరు వెళ్ళివచ్చినవారు మన సంఘాలలో అనేకులు. 1900లో డాక్టరమ్మ ఐడా స్కడ్డర్ ఒకే ఒక్క మంచంతో ప్రారంభించిన పరిచర్యే నేటి సి.ఎం.సి. ఆసుపత్రి. రిపోర్టుల కోసం రోజుల తరబడి కాచుకునే మనవారు, ఆ ఊరిలోనే ఉన్న కోటను మాత్రం చూడకుండానే తిరిగివస్తుంటారు. మేము ఆ కోటను, లోపలి మ్యూజియంను చూశాము. ప్రియ చదువరులారా, మీరును చూడవలెనని కోరుతున్నాము.

చుట్టూ నీటి కందకం, లోపల ఎత్తయిన రాతి గోడలు. 16వ శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో కట్టిన కోట ఇది. తెలుగువారైన ఆరవీటి రాజులకు కొంతకాలం రాజధాని. తరువాత అనేకుల చేతులు మారి, చివరకు ఇంగ్లీషు కంపెనీ సైనికులకు నివాసమైంది. ఒకే ప్రహరీలో దేవాలయం, మసీదు, 1846లో కట్టిన సెయింట్ జాన్స్ చర్చి ఉన్నాయి. మ్యూజియంలోని ప్రాచీన శిల్పాలను పిల్లలకు చూపించండి. అయితే పెద్దలు తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది.

1805 నవంబరులో మద్రాసు సైన్యంలో కొత్త ఉత్తర్వులు వచ్చాయి. హిందూ సిపాయిలు కవాతులో నొసటి బొట్టు పెట్టరాదు, ముస్లింలు గడ్డం తీసివేయాలి, అందరూ తోలు బిళ్ళ ఉన్న కొత్త తలపాగా ధరించాలి. తమను బలవంతంగా క్రైస్తవులను చేస్తారని సిపాయిలు భయపడ్డారు. ఎదురు చెప్పినవారికి కొరడా దెబ్బలు పడ్డాయి. కోటలో నిర్బంధంలో ఉన్న టిప్పు సుల్తాను కుమారులపై వారి అభిమానం కూడ తోడైంది. 1806 జూలై 10న, తెల్లవారకముందే తిరుగుబాటు చెలరేగింది. నిద్రలో ఉన్న ఇంగ్లీషు సైనికులతో సహా వందకు పైగా హతులయ్యారు. ఆర్కాటు నుండి గుర్రపు దళం వచ్చి, సుమారు 350 మంది సిపాయిలను చంపింది. ఒక్క పూటలో ఇరువైపులా ఎన్ని కుటుంబాలు దిక్కులేనివయ్యాయో!

ఆ ఉత్తర్వులు రద్దయ్యాయి. గవర్నరు బెంటింకును, సేనాధిపతి క్రాడక్‌ను ఇంగ్లండుకు వెనక్కి పిలిపించారు. కాని పోయిన ప్రాణాలు తిరిగిరాలేదు.

ప్రియులారా, ఆ ఉత్తర్వులు ఇచ్చినవారు సువార్త కోసం ఇవ్వలేదు, సైనికులంతా ఒకే తీరున కనబడాలని ఇచ్చారు. అయినను ఆ గాయానికి క్రీస్తు పేరు ముడిపడింది. మన ప్రభువు తలుపు తట్టేవాడే గాని, పగులగొట్టేవాడు కాడు. అదే వేలూరులో ఒక స్త్రీ కులమతాలు అడగకుండా రోగుల చెయ్యి పట్టుకున్నది. ఆ తలుపు దగ్గర జనం నేటికీ బారులు తీరుతున్నారు. మన ఊరిలో, మన పొరుగువారి వాకిట, మనం ఏ విధంగా నిలుస్తున్నామో ప్రతి కుటుంబం ఆలోచించుకొనును గాక.