మోటారు సైకిలుపై బ్రేకు దీపము వెలిగినపుడు

సంఘపు గిడ్డంగికి ఎరువుల కొఱకు వచ్చు సభ్యులలో నిప్పుడు ఎడ్లబండి కట్టుకొని వచ్చువారు మిక్కిలి అరుదు. మోటారు సైకిలుపై వచ్చువారే పెక్కుమంది. విత్తనపు సంచి, పాలక్యాను, మందుకొట్టు పంపు, ఒక్కొక్కప్పుడు వెనుక ఇల్లాలు, ముందు పిల్లవాడు, ఇంత బరువును ఆ రెండు చక్రములే మోయుచున్నవి. ఎద్దు కుంటినచో నడకలోనే తెలియును. బండి బ్రేకు చెడినచో ఆపవలసిన క్షణము వఱకు తెలియకపోవచ్చును. అందులకే మీటరు పెట్టెలో చిన్న దీపముల నమర్చినారు. అవి వెలిగినపుడు రైతు చేయవలసిన దేమో, చేయరాని దేమో ఇచట వివరించుచున్నాము.

మొదట దీపపు రంగును చూడవలెను. పసుపు రంగులో ఏ.బి.ఎస్. అను మూడక్షరములు వెలుగునది ఒకటి. ఎఱ్ఱని వలయములో ఆశ్చర్యార్థక చిహ్నమువలె వెలుగునది రెండవది. ఈ రెండింటి తెలుపుడు ఒకటి కాదు. పసుపు దీపము వెలిగినను మామూలు బ్రేకు సాధారణముగా పనిచేయుచునే యుండును. నెమ్మదిగా ఇంటికి చేరవచ్చును. ఎఱ్ఱ దీపము వెలిగినచో బండిని ప్రక్కకు తీసి నిలుపవలెను. రెండును కలిసి వెలిగినచో ఎఱ్ఱదాని మాటనే వినవలెను.

ఎఱ్ఱ దీపము కొన్ని బండ్లకు మాత్రమే కలదు. డిస్కు బ్రేకులో చేతిపిడిని నొక్కినపుడు ఆ బలమును చక్రము వద్దకు కొనిపోవునది బ్రేకు నూనె. ఆ నూనె తగ్గినచో దీపము వెలుగును. దీపము లేని బండివారు కంటితోనే చూచుకొనవలెను. ముందు చక్రపు నూనె గిన్నె కుడిచేతి పిడి ప్రక్కన నుండును. బండిని సమమైన నేలపై నిలువుగా నుంచి, హ్యాండిలును తిన్నగా పట్టి, గిన్నె గాజుకంటిలో నూనెమట్టము క్రింది గీతకు పైన నున్నదో లేదో చూడవలెను. వెనుక డిస్కు గలవారు కుడికాలి వైపున నుండు రెండవ గిన్నెనుగూడ చూడవలెను.

మట్టము తగ్గుటకు కారణములు ముఖ్యముగా రెండు. బ్రేకు ప్యాడ్లు అరిగినకొలది నూనె కొంచెము కొంచెముగా దిగును, ఇది సహజము. రెండవది గొట్టము వద్దనో అతుకుల వద్దనో కారుట, ఇది ప్రమాదము. కావున వెంటనే నూనె పోసి దీపము నార్పుట తెలివి కాదు. ముందు ప్యాడ్లను చూడుడు. వాని పైపొర ఒక మిల్లీమీటరు మందమునకు వచ్చినచో, లేక వానిపై నుండు గాడి చెరిగిపోయినచో మార్చవలెను. పిదప గొట్టము పొడవునను చక్రము వద్దను తడి యున్నదేమో వ్రేలితో తడిమి చూడుడు. పిడి నొక్కినపుడు మెత్తగా దూదివలె దిగినచో గొట్టములో గాలి చేరినదని యర్థము; అట్టి బండిని నడపరాదు.

గిన్నె మూతపై డాట్ 3 అనియో డాట్ 4 అనియో వ్రాసి యుండును. అదియే పోయవలెను. ఇంజను నూనె గాని మోటారు పంపు నూనె గాని యొక్క చెంచాడు పోసినను లోని రబ్బరు ఉబ్బి బ్రేకు మొత్తము పాడగును. ఈ నూనె గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. క్రొత్త డాట్ 4 నూనె కనీసము 230 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు మరుగకుండ నిలుచును. తేమ పట్టిన పిదప ఆ కనీసపు హద్దు 155 డిగ్రీలకు దిగును. ఘాటురోడ్డు దిగునపుడు బ్రేకు వేడెక్కి, నూనె మరిగి, పిడి పట్టు తప్పుట ఇందువలననే. అందుచేత సాధారణముగా రెండేండ్ల కొకమాఱు మార్చుట మేలు. మూత తెఱచి చాలకాలము గడచిన సీసాలోని నూనె వాడరాదు. రంగుపై పడినచో వెంటనే నీటితో కడుగుడు.

ఇక పసుపు దీపము. 2018 ఏప్రిల్ 1 నుండి క్రొత్తగా వెలువడు నమూనాలలోను, 2019 ఏప్రిల్ 1 నుండి అంతకుముందే యున్న నమూనాలలోను, 125 సి.సి. మించిన బండ్లకు ఏ.బి.ఎస్. తప్పనిసరి చేయబడినది. బ్రేకు గట్టిగా పట్టినపుడు చక్రము బిగుసుకొని జారకుండ, క్షణములో పలుమాఱులు పట్టు వదలుచు మరల పట్టించుట దీని పని. చక్రము తిరుగు వేగమును కనిపెట్టుటకై చక్రము ప్రక్కన చిల్లుల పళ్లెము, దాని కెదురుగా సన్నని ఎడముతో నొక సెన్సారు నుండును. తాళము త్రిప్పగానే పసుపు దీపము వెలుగుట, బండి కొంచెము వేగమందుకొనగానే ఆరుట ఆరోగ్య లక్షణము. తాళము త్రిప్పినను అసలు వెలుగకపోవుటయు, పరుగులో ఆరకపోవుటయు రోగలక్షణములు.

మన పొలములలో ఈ దీపము వెలుగుటకు బురదయే మొదటి కారణము. దమ్ముచేసిన మడి ప్రక్కన బండి దిగబడినచో వెనుక చక్రము గిరగిర తిరుగును, ముందు చక్రము కదలదు. రెండు చక్రములకును సెన్సారు లున్న బండి ఈ తేడాను లోపమని యెంచి దీపము వెలిగించును. సెంట్రల్ స్టాండుపై నిలిపి వెనుక చక్రమును ఇంజనుతో త్రిప్పినను ఇట్లే జరుగును. అప్పుడు తాళము నార్పి, మరల త్రిప్పి, మంచి రోడ్డుపై కొంతదూరము నడుపవలెను. వేఱు లోపము లేనిచో దీపము తనంతట ఆరిపోవును. ఆరనిచో సెన్సారు కొనకు, చిల్లుల పళ్లెమునకు పట్టిన రేగడి మట్టిని నీటితో నానబెట్టి మెత్తని బ్రష్షుతో తీయుడు. కొడవలి మొనతో గీకరాదు. పంపుసెట్టు ధారను సూటిగా దానిపై విడువరాదు.

అంతటితో పోనిచో ఇటీవల చక్రము ఊడదీసినారా యని జ్ఞాపకము చేసికొనుడు. పంక్చరు వేయునపుడు చిల్లుల పళ్లెము వంగుట, సెన్సారు తీగను తిరిగి కొక్కెములలో నమర్పక వదలుట తఱచు జరుగుచుండును. బురదకు తాళునని పెద్ద టైరు వేయించినను లెక్క తప్పవచ్చును. గడ్డివామి ప్రక్కన నిలిపిన బండి తీగలను ఎలుకలు కొఱుకును. చినిగిన ఎరువుబస్తా నుండి రాలిన యూరియా, పొటాషు తేమతో కలిసి తీగల అతుకులను తినివేయును. బస్తా దింపిన నాడే ఆ చోటు కడిగి యారబెట్టుట మంచిది. బ్యాటరీ నీరసించినను పసుపు దీపము వెలుగును. నిండిన 12 వోల్టుల బ్యాటరీ నిలకడలో 12.6 వోల్టుల చెంత చూపవలెను. ఇంజను నడుచుచుండగా రమారమి 13.5 మొదలు 14.5 వఱకు చూపవలెను. పంపుసెట్టు బాగుచేయువాని మీటరుతోనే ఇది చూడవచ్చును.

కొందఱు దీపముపై నల్లని టేపు అంటించుచున్నారు. మఱికొందఱు గులకరోడ్డుపై ఏ.బి.ఎస్. ఆలస్యముగా ఆపునని ఫ్యూజు పెఱికివేయుచున్నారు. వదులు గులకపై ఆగుటకు కొంత యెక్కువ దూరము పట్టుట నిజమే. కాని ఆ బండియే వానలో తారురోడ్డు మీదికి ఎక్కును గదా! వరిలో జింకు లోపమునకు ఆకు తుప్పు రంగు పట్టినచో ఆ ఆకులను గిల్లివేసి చేను బాగుపడినదనువాడు మన యూళ్లలో లేడు. దీపము వెలుగుచున్నన్ని దినములు ముందు బండికి ఎడము ఎక్కువగా విడిచి, తడినేలపై రెండు బ్రేకులను మెల్లమెల్లగా పట్టుచు నడుపుడు.

శుభ్రపఱచినను దీపము ఆరనిచో పరీక్షాయంత్రము గల వర్కుషాపునకు పోవలెను. లోపపు సంకేతము యంత్రములో నిలిచియుండును. సంకేత సంఖ్య యేదో, అది ఏ చక్రమునకు చెందినదో చెప్పుమని అడుగుడు. ఊహమీద భాగములు మార్చనీయకుడు. సెన్సారు తీగ తెగిన మాత్రమున మొత్తము ఏ.బి.ఎస్. యంత్రమును మార్పించుకొని ధాన్యపు సొమ్ము పోగొట్టుకొనుట ఏల?

డ్రమ్ము బ్రేకు మాత్రమే గల బండ్లకు బ్రేకు నూనె లేదు. కాని వెనుక ఎఱ్ఱదీపము అన్ని బండ్లకు నున్నది. బ్రేకు పట్టినపుడు అది వెలుగకపోయినచో వెనుక వచ్చు లారీవానికి మనము ఆగుచున్నట్లు తెలియదు. రాత్రి గోడకు వెనుకవైపుగా బండి నుంచి చేతిపిడిని, కాలిమెట్టును వేఱువేఱుగా నొక్కి చూడుడు. చేతికి వెలిగి కాలికి వెలుగనిచో లోపము కాలిమెట్టు స్విచ్చిలో నుండును, బల్బులో కాదు. ఆ స్విచ్చికి చిన్న స్ప్రింగు తగిలించి యుండును. అది ఊడినదేమో చూచి, స్విచ్చి మరను కొద్దిగా సవరించిన చాలును. మెట్టు విడిచినను దీపము వెలుగుచునే యున్నచో ఆ మర అధికముగా బిగిసినదని తెలిసికొని ఒకింత వదులు చేయవలెను.