మూడోసారి ఎవరూ అనరు

పాలమూరు పల్లెల్లో పెద్దవాళ్లు వేలాన్ని ఇప్పటికీ హర్రాజు అనే అంటారు. చెరువులో చేపలు, గుడి మాన్యం కౌలు, చింతచెట్ల కాపు, ఏది హర్రాజుకు వచ్చినా ఊరంతా అక్కడే. పాడేవాడి గొంతు వినపడుతుంది, పోటీకి వచ్చినవాడి ముఖం కనపడుతుంది. ‘ఒకటోసారి... రెండోసారి...’ అన్నాక వచ్చే ఆ కాస్త సందులో ఎవరో ఒకరు చెవిలో ఊదుతారు: “వద్దురా, ఆ చెట్లకు పోయినేడు కాయే లేదు.” ఆ మాటకు రుసుము లేదు. హర్రాజులో అసలు సరుకు అదే.

ఇప్పుడు ఇల్లే హర్రాజుకు వస్తోంది, ఫోన్ తెర మీద. చప్పుడు లేదు, ముఖాలు లేవు. తెర మీద ఒక అంకె పెరుగుతుంది, పక్కన గడియారం తరుగుతుంది. గడువు ముగిసే ముందు ఎవరైనా పాట పెంచితే ఐదు నిమిషాలో పది నిమిషాలో సమయం దానంతటదే పొడుగవుతుంది. అవతల పాడుతున్నది పక్క వీధి మాస్టారో, హైదరాబాద్‌లో కూర్చున్న వ్యాపారో తెలియదు. మూడోసారి అనేవాడు లేడు. అంకె కదలడం మానేస్తే ఇల్లు మీదైనట్టు.

నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో మొదటి ఇంటి కోసం చూసే చిన్న ఉద్యోగులకు ఈ దారి ఎందుకు కనపడుతోందో ఊహించడం కష్టం కాదు. పత్రిక లోపలి పేజీలో చీమలబారు అక్షరాల వేలం ప్రకటన, అందులో బజారు రేటు కంటే తక్కువగా కనిపించే కనీస ధర. ప్రభుత్వ బ్యాంకులు వేలానికి పెట్టే ఇళ్లన్నీ ఒకచోట చూపే బ్యాంక్‌నెట్ పోర్టల్‌ను కేంద్రం 2025 జనవరి 3న ప్రారంభించింది. గుర్తింపు పత్రాలు ఎక్కించి, ధరావత్తు కట్టి, ఇంట్లో కూర్చునే పాడొచ్చు.

వెనక ఉన్న చట్టం 2002 నాటి సర్ఫేసీ. అప్పు మొండిబాకీ అయితే బ్యాంకు మొదట అరవై రోజుల నోటీసిస్తుంది. అప్పటికీ కట్టకపోతే కోర్టు గడప తొక్కకుండానే ఇంటిని స్వాధీనం చేసుకుని అమ్మొచ్చు. వ్యవసాయ భూమి మీద ఈ చట్టం చెల్లదు. అందుకే మన వైపు చూడాల్సిన మొదటి కాగితం, సాగుభూమిని సాగేతర భూమిగా మార్చారని చెప్పే నాలా మార్పిడి. జడ్చర్ల, భూత్పూర్, నార్కట్‌పల్లి రోడ్ల పొడవునా నిన్నటి చేనే నేటి వెంచర్. లేఅవుట్‌కు అనుమతి లేకపోతే దాన్ని క్రమబద్ధం చేయించుకునే ఎల్ఆర్ఎస్ తిప్పలు కొన్నవాడి నెత్తికే.

ఇక డబ్బు లెక్క. చాలామంది పల్టీ కొట్టేది ఇక్కడే. ముప్ఫై లక్షల కనీస ధరకు పది శాతం, అంటే మూడు లక్షలు ధరావత్తు కట్టారనుకోండి. పాట ముప్ఫై నాలుగు లక్షల దగ్గర మీ మీద ఆగింది. ఆ రోజే, లేదంటే మరుసటి పనిదినంలోగా, పాటలో నాలుగో వంతు కట్టాలి. ఎనిమిదిన్నర లక్షల్లో ధరావత్తు పోను ఇంకా ఐదున్నర లక్షలు. మిగిలిన ఇరవై అయిదున్నర లక్షలు, అమ్మకం ఖరారైన పదిహేను రోజుల్లో. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు పెరగొచ్చు, అదీ మూడు నెలలు దాటదు. ఆపైన రిజిస్ట్రేషన్‌కు అన్నీ కలిపి ఏడున్నర శాతం చొప్పున రెండు లక్షల యాభై అయిదు వేలు.

‘లోన్ పెట్టుకుందాంలే’ అనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగాలి. పూర్తి డబ్బు కట్టేదాకా అమ్మకం ధ్రువపత్రం చేతికి రాదు. పత్రం లేని ఇంటికి అప్పు ఇవ్వడానికి ఇంకో బ్యాంకు వెనకాముందు ఆడుతుంది. ఇచ్చే బ్యాంకులు లేవని కాదు. కానీ లీగల్ ఒపీనియన్, విలువ కట్టడం, మంజూరు అన్నీ పదిహేను రోజుల్లో తెమలాలి. అప్పు మాట పాటకు ముందే తేల్చుకోవాలి తప్ప గెలిచాక కాదు. గడువు దాటితే కట్టిన నాలుగో వంతు పోతుంది. సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, షణ్ముగవేలు కేసులో 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే ఖాయం చేసింది. బ్యాంకు ఆ ఇంటిని మళ్లీ ఎక్కువకు అమ్ముకున్నా సరే, జప్తు జప్తే.

ప్రకటనలో ‘ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటనే’ అన్న ముక్కను మనం మంత్రంలా చదివి వదిలేస్తాం. దాని అర్థం: పాత ఇంటిపన్ను మీది, కరెంటు బాకీ మీది కావొచ్చు. వేలంలో కొన్నవాడు కొత్త కనెక్షన్ అడిగితే, నిబంధనలు ఉన్నచోట, పాత బాకీ కట్టమనే హక్కు కరెంటు సంస్థకు ఉందని 2023 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది.

అంతకంటే పెద్ద మెలిక ‘సింబాలిక్ పొసెషన్’. అంటే గోడకు నోటీసు అంటించారు, ఇంట్లో మాత్రం మనుషులున్నారు. వాళ్లను ఖాళీ చేయించాలంటే బ్యాంకు జిల్లా మేజిస్ట్రేట్‌కో కోర్టుకో దరఖాస్తు పెట్టాలి. వాళ్లు అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కు (డీఆర్‌టీ) పోతే స్టే రావొచ్చు. ఈలోగా మీరు అద్దె కడుతూ, కొన్న ఇంటి వాయిదా కూడా కడుతూ ఉంటారు. మొదటి ఇల్లు కొనేవాళ్లు ఇలాంటి ఇంటి జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం. చవగ్గా దొరికేది ఎందుకో అక్కడే తెలిసిపోతుంది.

మన రెండు ఉమ్మడి జిల్లాలకు ఇంకో తిరకాసు ఉంది. 2016 అక్టోబర్‌లో జిల్లాలు చీలాయి. అంతకు ముందు తీసుకున్న అప్పు పత్రాల్లో వనపర్తి ఇల్లు మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంటుంది, సూర్యాపేట ఇల్లు నల్గొండలో. ప్రకటనలో అదే దించేస్తే ఇంటి మీది పాత లావాదేవీలు చూపే ఈసీ ఎక్కడ తీయాలో, ఏ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు పోవాలో వెతుక్కోవాలి.

సర్కారే అమ్మకందారైన వేలమూ మనకు తెలుసు. మధ్యతరగతికి ఇళ్లు కట్టిస్తామని 2007లో పెట్టిన రాజీవ్ స్వగృహ సగంలో ఆగింది. దాని కింద తలపెట్టిన నార్కట్‌పల్లి దగ్గరి శ్రీవల్లి టౌన్‌షిప్, భూత్పూర్ దగ్గరి సారిక టౌన్‌షిప్ 2022 మార్చిలో వేలానికి వచ్చాయి. అదే నెల హైదరాబాద్ అంచున తొర్రూరు, బహదూర్‌పల్లి ప్లాట్లను ఆన్‌లైన్‌లో అమ్మితే, జిల్లాల్లో మాత్రం జనాన్ని ఎదురుగా కూర్చోబెట్టి పాట పాడించారు. అక్కడ పక్కవాడి ముఖం చూసి ఆగే వీలుంది. పైగా అందులో కాపురముండి పోయినవాళ్లు ఎవరూ లేరు, ఎవరి ఏడుపూ లేదు.

బ్యాంకు వేలంలో ఆ ఏడుపు ఉంది. “వాళ్ల ఉసురు తగుల్తది” అని ఇంట్లో అమ్మ అంటుంది. తీసిపారేసే మాట కాదది. మనం పాడుతున్నది ఇంకొకరి మొదటి ఇల్లు. అయితే అమ్మకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. అప్పు, ఖర్చులు పోను మిగిలిన సొమ్ము చట్టప్రకారం పాత యజమానికే పోతుంది. పాట ఎంత పెరిగితే ఆయన నెత్తిన బరువు అంత తగ్గుతుంది. అప్పు తీర్చి ఇల్లు విడిపించుకునే హక్కు ఆయనకు ప్రకటన అచ్చయ్యేదాకానే అని 2023లో సుప్రీంకోర్టు చెప్పాక కొనేవాడికి కొంత ధీమా వచ్చింది, ఆయనకు కొంత పోయింది.

మరి ఆ చెవిలో ఊదే మాట? దాని కోసం వీధిలోకే పోవాలి. తనిఖీకి బ్యాంకు ఇచ్చిన రోజున అధికారితో పోయి చూసి రావడం చాలదు. ఇంకో సాయంత్రం ఒంటరిగా పోయి కిరాణా కొట్టు దగ్గర నిలబడండి. ఎదురింటి అరుగు మీద ఒక ముసలమ్మ ఉంటుంది, ప్రతి వీధిలో ఉంటుంది.

“గా ఇల్లా? ఇల్లు మంచిదే బిడ్డా. అన్నదమ్ముల పంచాయితి కోర్టుల ఉన్నది. ఇగ బోరు సంగతంటవా, మాఘం దాటితే గాలే వస్తది.”

రెండే మాటలు. ప్రకటనలో రెండూ లేవు. ఈ మెట్ట సీమలో బోరు ఎండిన ఇంటికి కనీస ధర ఎంతైనా ఎక్కువే. ఆమె అక్కడితో ఆగదు, మిమ్మల్ని ఎగాదిగా చూస్తుంది. ఎవరి తాలూకు, ఏం కొలువు, పిల్లలెందరు, అన్నీ అడుగుతుంది. చివరికి గొంతు తగ్గించి:

“ఇంతకు ఎంతదాంక పాడుతవు కొడుకా?”

అదొక్కటి మాత్రం చెప్పకండి.