గోదావరి దగ్గరి సముద్రానికి ఎందుకు పోలేదు?

(చిన్న తరగతుల తమ్ముళ్లతో పాఠం అర్థమయ్యేలా చదివించడం గురించి)

మన హాస్టల్లో సాయంత్రం స్టడీ అవర్ ఎట్లా ఉంటుందో ఇక్కడ చదివిన వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. అందరి గొంతులూ ఒకేసారి లేస్తాయి. ఎవరు గట్టిగా చదివితే వాళ్లే బాగా చదువుతున్నట్టు లెక్క. మేమూ అట్లాగే చదివాం. ఐదో తరగతిలో తడుముకోకుండా పాఠం చదివితే సారు భుజం తట్టేవారు. సెలవులకు ఇంటికి పోతే అమ్మ "ఏం సదివినవ్ బిడ్డా, నాకు గూడ చెప్పు" అని అడిగేది. మేము పుస్తకం తీసి మళ్లీ గడగడా చదివేవాళ్లం. ఆమె అడిగింది అది కాదని పీజీకి వచ్చాక గానీ మాకు తెలియలేదు. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాళ్లం మేమే. కాబట్టి ఆ మాట చెప్పేవాళ్లు ముందు ఎవరూ లేరు.

చదవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు

సెలవు రోజుల్లో హాస్టల్‌కు వచ్చి చిన్న తరగతుల తమ్ముళ్లతో చదివిస్తున్నాం. ఒక తమ్ముడు గోదావరి గురించి నాలుగు వాక్యాలు ఒక్క తప్పు లేకుండా చదివాడు. "ఎక్కడ పుట్టింది?" అంటే "మహారాష్ట్రలోని త్రయంబకేశ్వర్ దగ్గర" అని ఠక్కున చెప్పాడు. "మరి మన దిక్కుకు నీళ్లు ఎటునుంచి వస్తున్నట్టు?" అంటే "ఏమో అన్నా, గది రాసి లేదు" అన్నాడు. వాక్యం నోటికి వచ్చింది గానీ నది కంటికి కనబడలేదు.

గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో ఒక మాట చెప్పారు. అక్షరాలు కూడబలుక్కొని చదవగలగడం ఒకటి, భాష అర్థం కావడం ఇంకొకటి. చదివి గ్రహించడమంటే ఈ రెండింటి గుణకారం, కూడిక కాదు. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ 64 మంది పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన పాఠం ఇచ్చి చూశారు. చదువులో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదివే పేరున్నా ఆట తెలియని పిల్లల కన్నా ఎక్కువ గ్రహించారు. అంటే ముందు తెలిసిన విషయమే కొత్త విషయానికి మెట్టు.

అందుకే భూగోళం పాఠాన్ని ఎంచుకున్నాం. వాగులు, గుట్టలు, చెరువులు మన పిల్లలకు పుస్తకం కన్నా ముందే తెలుసు.

మన మాట నుంచి పుస్తకం మాటకు

పాఠం తెరవడానికి ముందు పది నిమిషాలు మాట్లాడిస్తాం. మీ ఊరి ఒర్రె ఎందులో కలుస్తుంది? ఆ వాగు ఎటు పోతుంది? అట్లా పోతూపోతూ "ఉపనది" అనే మాట దగ్గరికి వస్తాం. సిరిసిల్ల దిక్కు పిల్లలకు మానేరు తెలుసు. అది మంథని దగ్గర గోదావరిలో కలుస్తుందని చెబితే ఇక ఉపనదికి వేరే అర్థం చెప్పే పని లేదు. చెరువు మత్తడిని పుస్తకం అలుగు అంటుంది. మన చెల్క అక్కడ ఎర్రనేల అవుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. "నీ మాట తప్పు, పుస్తకం మాట ఒప్పు" అని ఎన్నడూ అనకూడదు. అట్లా అంటే పిల్లవాడు నోరు మూసుకుంటాడు.

పటం నేల మీద

గోడ పటంలో ఉత్తరం పైన ఉంటుంది. ఉత్తరం చూపించమంటే ఒక తమ్ముడు స్లాబు వైపు వేలు చూపించాడు. నవ్వవలసిన పని లేదు, మనం నేర్పింది అదే. అప్పటినుంచి పటాన్ని నేల మీద పరిచి, పొద్దు పొడిచే దిక్కుకు తూర్పు ఉండేట్టు తిప్పుతున్నాం. మెట్‌పల్లి మీద గింజ పెడతాం. ఉత్తరాన గోదావరి, పడమటి దిక్కున పోచంపాడు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ అక్కడే ఉంది. అక్కడినుంచి వచ్చే కాకతీయ కాలువను పిల్లలు తామే వేలితో గీస్తారు.

ఒక్క 'ఎందుకు'

పాఠంలో సమాధానం రాసి ఉండని ప్రశ్న ఒకటైనా అడగాలి. గోదావరి పుట్టిన చోటునుంచి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్లే. అయినా అది 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. దగ్గరి సముద్రానికి ఎందుకు పోలేదు? హౌజు దగ్గర మగ్గు నీళ్లు పారబోసి చూడమన్నాం. "నీళ్లు పల్లానికే పోతయన్నా" అన్నారు. పడమట పశ్చిమ కనుమలు అడ్డం, దక్కన్ పీఠభూమి తూర్పుకు వాలు. "పీఠభూమి", "వాలు" అనే మాటలు ఆ రోజు ఎవరూ బట్టీ పట్టలేదు, అయినా మరచిపోలేదు.

అప్పుడే ఒక తమ్ముడు పటంలో అరేబియా సముద్రం మీద వేలు పెట్టి, "దీని అవతల దుబాయా?" అని అడిగాడు. అవునన్నాం. కాసేపు చూసి, "గోదారి పోలేదు గని మా నాయిన పోయిండు" అన్నాడు. ఆ రోజు మిగతా పాఠం వాడే చదివాడు, మాకు మాట పెగలలేదు.

మీరూ చేయవచ్చు

పద్ధతి పెద్దదేమీ కాదు. ముందు మాట్లాడించాలి. ఒక్క పేరా చదివించాలి. అందులో ఉన్నదాన్ని బొమ్మగా గీయించాలి. ఒక 'ఎందుకు' అడగాలి. చివరికి పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పించాలి. అక్షరాలు ఇంకా కుదరని వాళ్లకు మాత్రం ముందు అక్షరాల పని తప్పదు. 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం బడిలో చదవడం, రాయడం, లెక్కల పునాదికే వచ్చింది. మనం సాయంత్రం హాస్టల్లో దానికి తోడు పోవచ్చు.

ఇక్కడ తిని, ఇక్కడ చదివి వెళ్లిన అన్నలకు మా మనవి ఒక్కటే. వార్షికోత్సవానికే కాకుండా ఏ ఆదివారమో ఒక గంట రండి. ఈ తమ్ముళ్ల అమ్మలు కూడా "ఏం సదివినవ్ బిడ్డా" అని అడుగుతారు. వాళ్లకు వీళ్లు పుస్తకం తెరవకుండా జవాబు చెప్పగలగాలి.