పరభాషా పరీక్షయు, మన పిల్లల పై చదువును



పదవ తరగతి ఫలితములు వెలువడిన వారమున మన పల్లెలలో ఒక మాట తరచుగా వినబడును. “అన్నింటను గట్టెక్కినాడు, ఇంగ్లీషున తప్పినాడు. ఇక వీనికి చదువెందుకు?” ఈ మాట పుట్టిన పిమ్మట మగపిల్లవాడు రొయ్యల గుంట కాపలాకో, ట్రాక్టరు మీదికో పోవును. ఆడపిల్ల యగునేని పెండ్లి మాటలు మొదలగును. ఒక్క భాషలో కొరతపడిన నాలుగు మార్కులు ఒక జీవితమును ఇటునుండి అటు త్రిప్పివేయుచున్నవి. నెల్లూరు సముద్రతీర గ్రామములలో ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడనై పనిచేసిన నేను ఇట్టి తీర్పులను పెక్కింటిని చూచితిని. అట్టి తీర్పునకు తొందరపడవలదని మనవి చేయుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

ముందుగా నిబంధన యేమో తెలిసికొందము. మన రాష్ట్రమున తెలుగును ప్రథమభాషగా చదువువారికి హిందీ ద్వితీయభాష, ఇంగ్లీషు తృతీయభాష. పదవ తరగతి పరీక్షలో హిందీకి 100కి 20 మార్కులు వచ్చిన చాలును. ఇంగ్లీషునకు మాత్రము తక్కిన విషయములవలెనే 35 రావలెను. ఈ కట్టుబాటు క్రొత్తది కాదు. 1857వ సంవత్సరమున మదరాసు విశ్వవిద్యాలయము ఏర్పడిన నాటినుండియు కళాశాలకు పోవు త్రోవలో ఇంగ్లీషు గడపగా నిలిచియే యున్నది. గడప ఎత్తుగా నున్నదని ఇల్లు విడిచిపోవుదుమా? కాలెత్తి దాటుట నేర్చుకొందుము.

పరభాష రానివాడు మందమతి యనుట సత్యదూరము. దీనికి రెండు నిదర్శనములు చెప్పెదను. మొదటిది దొరలదే. కుంపిణీ కొలువునకు వచ్చిన యువకులు దేశభాషలు నేర్చుటకై మదరాసులో 1812వ సంవత్సరమున సెంటు జార్జి కోట కళాశాల వెలసినది. సీ. పీ. బ్రౌను 1817లో పదునెనిమిదేండ్ల ప్రాయమున అచటికి వచ్చి, తెలుగు నభ్యసించి, సుమారు మూడేండ్లకు గాని కడప కొలువునకు పోలేదు. జీతమును, గురువులును, తీరికయు గలిగి, చదువే పనిగా నుండినవానికే అంత కాలము పట్టినది. అట్టివాడే పిదప 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలయించినాడు. ఆలస్యముగా వచ్చిన భాష అల్పముగా నుండవలెనను నియమము లేదు.

రెండవ నిదర్శనము శ్రీనివాస రామానుజముది. 1904లో విద్యార్థి వేతనముతో కుంభకోణము కళాశాలలో చేరిన ఆ గణితవేత్త ఇంగ్లీషు వ్యాసరచనలో తప్పి వేతనమును పోగొట్టుకొనెను. గణితము దక్క వేరొండు విషయమును ఆతడు సరకుచేయకుండుట నిజమే. కాని పెద్దలు గమనింపదగిన విషయ మింకొకటి గలదు. 1905లో, పదునేడేండ్ల ప్రాయమున, ఆతడు ఇల్లు విడిచి మన విశాఖపట్టణమునకు వెడలిపోయెను. తలిదండ్రులు పత్రికలో ప్రకటన వేయించి వెదకవలసి వచ్చెను. అతడే 1918లో లండను రాయల్ సొసైటీ సభ్యుడైనాడు. పరీక్ష తప్పిన బిడ్డను నలుగురిలో నిందించుటకు ముందు ఈ కథ జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

ఇక పరభాష మనవారికి అబ్బదా యన్నచో, మన పాత నెల్లూరు జిల్లా దక్షిణపు టంచును చూడుడు. 2022లో తిరుపతి జిల్లాలో చేరిన తడ, సూళ్లూరుపేట ప్రాంతములలో అక్షరము రాని కూరగాయల బేరగాడు సయితము తెలుగువానితో తెలుగును, అరవవానితో అరవమును మాటలాడును. ఆతనికి పుస్తకము లేదు, వ్యాకరణము లేదు. చెవితో విని, నోటితో పలికి, తప్పును సంతలోనే దిద్దుకొనెను. మన బడిపిల్లలకు లోపించినది బుద్ధి కాదు, ఈ వినికిడియే. నారు పోయకయే నాట్లకు దిగినట్లు, వారిచేత ముందే ఇంగ్లీషు వ్రాయించుచున్నాము. ప్రశ్నకు జవాబును అర్థము తెలియకయే కంఠస్థము చేసినవాడు, ప్రశ్న కొంచెము మారిన తెల్లబోవును.

నేను సంస్కృతము నేర్చిన పద్ధతి వేరు. అమరము మొదట చెవికెక్కినది, పిదప నాలుకకు, ఆ తరువాత కంటికి. అయితే అచ్చటితో ఆగలేదు. గురువుగారు ప్రతి పదమునకు అర్థము చెప్పించి గాని విడువరైరి. ఈ క్రమమే ఇంగ్లీషునకును పనికివచ్చును.

దినమునకు ఒక్క గంట, ఆరు మాసములు కేటాయింపుడు. మొదటి పావుగంట రేడియోలోనో, సెల్‌ఫోనులోనో నెమ్మదిగా చెప్పు ఇంగ్లీషును వినవలెను. రెండవ పావుగంట పాఠమును బిగ్గరగా చదువవలెను. మూడవ పావుగంట తన ఇంటి సంగతినే, అనగా పొలము, పశువు, పడవ, పండుగ, వీనిని గూర్చి అయిదు చిన్న వాక్యములు వ్రాయవలెను. కడపటి పావుగంట పాత ప్రశ్నపత్రములో ఒక భాగమునకు జవాబు వ్రాయవలెను. ఉత్తీర్ణతకు కావలసిన 35 మార్కులు కావ్యరచనకు కాదు. ఇచ్చిన భాగమును చదివి గ్రహించుట, సులభమైన వ్యాకరణము, ఒక లేఖ, ఒక సంభాషణ, ఇవి సరిగా వచ్చినవాడు గట్టెక్కగలడు.

“మాకే ఇంగ్లీషు రాదు, మేమెట్లు చెప్పుదుము?” అని మీరడుగవచ్చును. మీకు రానక్కరలేదు. చదివిన పేరాలో ఏమున్నదో మీకు తెలుగున చెప్పుమనుడు. తడుముకొనకుండ చెప్పగలిగిన అర్థమైనట్లు, తడబడిన మరల చదువవలసినట్లు. వ్రాసిన వాక్యములు దిద్దుటకు ఊరిలో డిగ్రీ చదివిన కోడలో, ఆడపడుచో ఉండకపోదు. గౌరవముగా అడిగిన కాదనదు.

కొందరు పిల్లలు మాటలో చురుకుగా నుందురు. అక్షరములను ధ్వనులతో జోడించుట మాత్రము వారికి కష్టమగును. తెలుగున సయితము చదువుటలో మిక్కిలి శ్రమపడుదురు. ఇది సోమరితనము కాదు. దీనిని డిస్లెక్సియా అందురు. 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము ఇట్టి అభ్యసన లోపములను గుర్తించినది. ప్రభుత్వ వైద్యుల ధ్రువపత్రము గలవారికి పరీక్షలో అదనపు కాలము, వ్రాయుటకు సహాయకుడు మొదలగు సౌకర్యములు గలవు. కేంద్ర మాధ్యమిక విద్యామండలి బడులలో అట్టివారు రెండు భాషలకు బదులు ఒక్క భాషయే చదువవచ్చును. పరీక్ష దగ్గరపడిన పిమ్మట కాక, తొమ్మిదవ తరగతిలోనే ప్రధానోపాధ్యాయుని కలిసికొనుడు.

ఒకవేళ తప్పినను త్రోవ మూసికొనలేదు. తప్పిన ఒక్క విషయమునే సప్లిమెంటరీ పరీక్షలో వ్రాసి, ఆ ఏడే ఇంటర్మీడియెటులో చేరవచ్చును. జాతీయ సార్వత్రిక విద్యాలయమున అయిదు విషయములలో ఒక్కటి భాషయైన చాలును, ఆ భాష తెలుగు కావచ్చును. అయితే చేరదలచిన కళాశాల ఏమి కోరునో ముందుగా విచారించుకొనుట మేలు. వైద్యవిద్యకు ప్రవేశపరీక్షయగు నీట్‌ను 2017నుండియు, ఇంజనీరింగునకు జేఈఈ మెయిన్‌ను 2021నుండియు తెలుగున వ్రాయ వీలుకలిగినది. అటుపిమ్మట చదువవలసిన గ్రంథములు చాలవరకు ఇంగ్లీషువే కావున ఆ భాషను వదలుకొనరాదు. ఏడాది వెనుకబడినను నేర్చుకొనియే తీరవలెను.

పెద్దలారా, ఒక పంట పోయినదని పొలమమ్ముకొనువాడు రైతు కాడు. విత్తనము మార్చును, అదను చూచును, మరల దున్నును. ఈసారి ఫలితములు వచ్చిననాడు మీ వీధిలో ఇంగ్లీషున తప్పిన బిడ్డ కనబడినచో, “ఇక చదువెందుకు?” అనక, “సప్లిమెంటరీకి రుసుము ఎన్నడు కట్టవలెను?” అని అడుగుడు. ఆ బిడ్డకు మీరు చేయగల మొదటి సాయము ఆ ప్రశ్నయే.