తమ్ముడి వేలికి వెండి ఉంగరం

మొన్న సంక్రాంతికి మా తమ్ముడు ఇంగ్లండు నుంచి మూడేళ్ల తర్వాత తెనాలి వచ్చాడు. భోగినాడు మధ్యాహ్నం వాడికి కొసరి కొసరి వడ్డిస్తున్న అమ్మ చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. గోంగూర కలుపుతున్న వాడి వేలికి లావుపాటి వెండి ఉంగరం, దాని మీద శిలువ. అమ్మ ఏమీ అనలేదు. నెయ్యి గిన్నె అక్కడే పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

రాత్రి వంటిల్లు సర్దుతుంటే నా పక్కన చేరింది. "వీడు మతం గానీ పుచ్చుకున్నాడంటావుటే?"

పక్కింటి మేరీ అత్తయ్యగారి క్రిస్మస్ కేకు తినని ఏడాది లేదు మా ఇంట్లో. మా అరిసెలు వాళ్లింటికి వెళ్లని పండగా లేదు. అయినా కొడుకు దాకా వచ్చేసరికి అమ్మకి గుండె దడ. "నువ్వే అడుగు. నేనడిగితే విసుక్కుంటాడు" అంది.

అడిగితే "ఉంగరమే కదక్కా" అని నవ్వేశాడు. కాస్త గుచ్చితే అసలు సంగతి చెప్పాడు. బర్మింగ్‌హామ్‌లో వాడు అద్దెకున్న ఇంటివాళ్లు ముసలి దంపతులు. ఆయనకి డయాలసిస్. శనివారాలు కారులో ఆసుపత్రికి తీసుకెళ్లేది మావాడే. ఆయన పోయాక ఆవిడ ఈ ఉంగరం తెచ్చి వీడి చేతిలో పెట్టిందట. ఇంత విషయం ఫోనులో ఒక్కసారైనా చెప్పొద్దూ? మగపిల్లలంతే!

మా వారి భూతద్దం పట్టుకుని ఆ ఉంగరం లోపలి వైపు చూశాను. చేసినవాళ్ల పొడి అక్షరాలతో పాటు మూడు బుల్లి ముద్రలున్నాయి. నడుస్తున్న సింహం అంటే స్టెర్లింగ్ వెండి అని గుర్తు. లంగరు అంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్ష అయిన సరుకని. మూడోది 'సి' అనే అక్షరం. వాళ్లు ఏడాదికో అక్షరం వేస్తారు. పట్టిక చూస్తే అది 1977. "నువ్వు పుట్టడానికి పదిహేనేళ్ల ముందుదిరా ఇది" అంటే వాడూ ఆశ్చర్యపోయాడు. ఏళ్ల తరబడి పెట్టుకున్నవాళ్లు కూడా ఉంగరం లోపల ఏముందో చూడరు కదా.

స్టెర్లింగ్ అంటే వెయ్యి పాళ్లలో 925 వెండి. మిగతాది సాధారణంగా రాగి. మేలిమి వెండి మరీ మెత్తన, ఒక్కటే అయితే ఉంగరం వంకర్లు పోతుంది. మన కొట్లలో 925 అని చెప్పే వెండీ ఇదే. అసలు స్టెర్లింగ్ అన్నది మొదట్లో ఇంగ్లండు వెండి పెన్నీకి పేరు. ఆ నాణెం కన్నా నాసి వెండితో వస్తువులు చెయ్యకూడదని 1300లో మొదటి ఎడ్వర్డ్ రాజు చట్టం చేశాడు.

ఆ పెన్నీ మీదా శిలువే ఉండేది. చిల్లర కావాలంటే ఆ గీతల వెంబడే నాణేన్ని రెండు ముక్కలో నాలుగు ముక్కలో చేసుకునేవారు. కొందరు ప్రబుద్ధులు అంచులు కత్తిరించి వెండి కాజేస్తుంటే, 1247లో మూడవ హెన్రీ కాలంలో శిలువ చేతుల్ని అంచు దాకా సాగదీశారు. చెయ్యి పొట్టిగా ఉందంటే నాణెం కోత పడ్డట్టే. అంటే ఆ శిలువ గుడిలోనే కాదు, సంతలో కూరగాయలు కొనే ఆడవాళ్ల కొంగుముడిలోనూ ఉండేదన్నమాట.

ఉంగరాల సంగతి ఇంకా వింత. గుడ్‌ఫ్రైడే రోజు రాజు శిలువ ముందు సమర్పించిన వెండి బంగారు నాణేలతో ఉంగరాలు చేయించి పంచేవారు. అవి పెట్టుకుంటే మూర్ఛలు, కండరాలు పట్టెయ్యడం తగ్గుతాయని నమ్మకం. 1550లలో మేరీ రాణి దాకా సాగిందీ ఆచారం. మన తాయెత్తులు లేవూ?

మావాడి ఉంగరం మీది శిలువ మధ్యలో సన్నగా ఉండి చివర్లకి వెడల్పవుతుంది. మధ్యయుగపు యోధుల శిలువలకి ఈ రూపం ఉండేది. ప్రపంచయుద్ధాల్లో మన సిపాయిలు కూడా అందుకున్న విక్టోరియా క్రాస్ పతకానిదీ ఇదే పోలిక.

ఇదంతా అమ్మకి పూసగుచ్చినట్టు చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఓపిగ్గా వింది. చివరికి అంది గదా, "శిలువ సంగతి అలా ఉంచవే. వాళ్లాయన ఉంగరం వీడి వేలికి సరిపోయింది. మీ నాన్న ఉంగరం బీరువాలో ఉంది."

నాకు నోట మాట రాలేదు. నాన్న పోయాక ఆయన వెంకటేశ్వరస్వామి ఉంగరాన్ని అమ్మ వీడికే ఇచ్చింది. వదులుగా ఉంది, అక్కడెక్కడైనా జారిపోతే కష్టం అని బీరువాలో పెట్టేసి వెళ్లాడు. అప్పుడు అందరం సరేనన్నాం. అమ్మ సరే అనలేదని ఇప్పుడు గుర్తొస్తోంది.

ఆ మాట నేను తమ్ముడికి చెప్పలేదు. చెప్పాల్సిందేమో.

కనుమ వెళ్లిన మర్నాడు అమ్మ పూజ వెండి సామాను ముందేసుకుని విభూతితో తోముతోంది. తమ్ముడు స్నానానికి వెళ్తూ గట్టు మీద పెట్టిన ఉంగరాన్ని కూడా హారతి పళ్లెం పక్కన పడేసి తళతళలాడేలా తోమేసింది! గీతల్లో ఉన్న నలుపు మురికి కాదు, చెక్కడం కనబడాలని గంధకపు మందుతో పట్టించే నలుపు. అదంతా పోయింది. (మీ ఇంట్లో నల్లగీతల వెండి నగలుంటే సబ్బునీళ్లు, మెత్తని గుడ్డతో సరిపెట్టండి.) తమ్ముడి మొహం ఒక్క క్షణం మాడింది. తర్వాత "పోన్లేమ్మా, పెట్టుకోగా పెట్టుకోగా మళ్లీ అదే నల్లబడుతుంది" అన్నాడు.

"ఆవిడకి పిల్లలు లేరా?" అంది అమ్మ, వాడి వైపు చూడకుండా.

"లేరమ్మా."

"ఈసారి ఆవిడకి అరిసెలు పట్టుకెళ్లు."

ప్రయాణం రోజు అమ్మ బీరువా తెరిచి నాన్న ఉంగరం తీసింది. జారిపోకుండా అడుగున పసుపు దారం వరసగా చుట్టి, బిగించి ముడేసి, అరిసెల డబ్బా మీద పెట్టింది. వాడు చూశాడు, తీసి జేబులో వేసుకున్నాడు. వేలికి పెట్టుకున్నావా అని మాత్రం ఫోనులో వాణ్ని అడగొద్దని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది.