అమ్మకానికే పుట్టిన డ్రోన్

చైనా తయారీ వింగ్ లూంగ్–2 డ్రోన్ వివరాల్లో అందరూ రెక్కల పొడవు చూస్తారు, ఎగిరే ఎత్తు చూస్తారు. అంతకన్నా ముందు చూడాల్సిన అంకె ఒకటుంది: 480 కిలోలు. రెక్కల కింద అది మోయగలదని తయారీదారు చెప్పే బాంబులు, క్షిపణుల మొత్తం బరువు అది.

ఆ అంకె ఎందుకు ముఖ్యమో తెలియాలంటే 1987కి వెళ్లాలి. క్షిపణుల పరిజ్ఞానం ఊరూరా పాకకుండా అమెరికా, దాని మిత్రదేశాలు అప్పుడొక కట్టుబాటు పెట్టుకున్నాయి. 500 కిలోల బరువును 300 కిలోమీటర్ల దూరం మోసుకెళ్లగల మానవరహిత వాహనాన్ని ఇంకో దేశానికి అమ్మడం దాదాపు నిషిద్ధం. క్షిపణులను దృష్టిలో పెట్టుకుని రాసిన ఈ నిబంధన తర్వాత డ్రోన్లకూ అడ్డొచ్చింది. ప్రెడేటర్, రీపర్ లాంటి తన సాయుధ డ్రోన్లను బ్రిటన్ లాంటి ఒకరిద్దరు ఆప్తులకు తప్ప అమెరికా చాలాకాలం ఎవరికీ ఇవ్వలేదు. జోర్డాన్ అడిగితే కాదంది. యూఏఈకి ఆయుధాలు లేని రకమే ఇస్తానంది. ఈ కట్టుబాటు పెట్టుకున్న కూటమిలో చైనా సభ్యదేశం కాదు. అయినా వింగ్ లూంగ్–2 ప్రచార పత్రంలోని బరువు మాత్రం ఆ గీతకు ఇవతలే ఆగింది.

అమెరికా కాదన్న వాళ్లలో చాలామంది చైనా దగ్గర కొనుగోలుదారులయ్యారు. చెంగ్డులో తయారైన వింగ్ లూంగ్–2 మొదటిసారి గాల్లోకి లేచింది 2017 ఫిబ్రవరిలో. అప్పటికే విదేశం నుంచి భారీ ఆర్డర్ వచ్చిందని చైనా మీడియానే రాసింది. సొంత సైన్యం వాడి చూశాక మిగిలింది అమ్ముకోవడం ఆయుధాల వ్యాపారంలో మామూలు పద్ధతి. ఇక్కడ మొదటి నుంచీ చూపు బయటి కొనుగోలుదారు మీదే.

ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. పొడవు 11 మీటర్లు, ఈ కొస నుంచి ఆ కొసకు రెక్కల పొడవు 20 మీటర్లకు పైగా. రెక్కలు సన్నగా, బాగా పొడవుగా ఉండటం వల్ల తక్కువ ఇంధనంతో ఎక్కువసేపు తేలుతుంది. ఇరవై గంటలు ఆకాశంలోనే ఉండగలదు. ప్రొపెల్లర్ వెనక ఉంటుంది కాబట్టి ముందు భాగం ఖాళీ. ముక్కు దగ్గర ఉబ్బెత్తుగా కనిపించే చోట ఉపగ్రహంతో మాట్లాడే యాంటెన్నా, కింద గోళంలో పగలూ రాత్రీ చూసే కెమెరాలు, లేజర్ ఉంటాయి. నడిపేవాళ్లు నేల మీద గదిలో తెరల ముందు కూర్చుంటారు. వాళ్లు లేజర్ చుక్కను లక్ష్యం మీద నిలిపితే, వెనక్కి ప్రతిఫలించే ఆ వెలుగును పట్టుకుని క్షిపణి దిగుతుంది. కోడిపిల్లల మీద గద్ద తిరిగినట్టు గంటల తరబడి ఒకే చోట తిరగడమే దీని అసలు బలం. వేగం తక్కువ, శరీరం పెద్దది కాబట్టి మంచి వాయు రక్షణ ఉన్న చోట తేలిగ్గా దొరికిపోతుంది. యెమెన్‌లో హూతీ తిరుగుబాటుదారులు చైనా డ్రోన్లను కూల్చారు. లిబియాలోనూ కూలాయి.

ధర రీపర్‌తో పోలిస్తే చాలా తక్కువ. కానీ కొన్న ధర ఒకటి, నడిపే ఖర్చు ఇంకొకటి. ఇరాక్ కొన్నవి ఇదే తరహా చైనా డ్రోన్లు, సీహెచ్–4లు. 2015లో రమాదీ దగ్గర ఐసిస్ మీద వాటితో దాడులు చేసింది. నాలుగేళ్లు తిరక్కుండానే, పదికి పైగా ఉన్న వాటిలో ఎగరగలిగే స్థితిలో ఒక్కటే మిగిలిందని అమెరికా రక్షణ శాఖ తనిఖీ విభాగం 2019లో నివేదిక ఇచ్చింది. కారణం మరమ్మతులు. అదే ఏడాది జోర్డాన్ తన సీహెచ్–4లను అమ్మకానికి పెట్టేసింది. విడిభాగాలు, సాంకేతిక నిపుణులు, శిక్షణ ఇవన్నీ తోడుంటేనే ఇలాంటి యంత్రం పనికొస్తుంది.

ఇదేదో మనకు దూరపు సంగతి కాదు. పాకిస్తాన్ దగ్గర వింగ్ లూంగ్–2 ఉంది. ఇటు హైదరాబాద్‌లోని కర్మాగారంలో ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో తయారైన దృష్టి–10 డ్రోన్‌ను 2024 జనవరిలో మన నౌకాదళం అందుకుంది. అది నిఘా కోసం.

ఇన్ని వివరాల మధ్య మరచిపోకూడని రాత్రి ఒకటుంది. 2020 జనవరి 4, లిబియా రాజధాని ట్రిపోలీలోని సైనిక అకాడమీ. ఆయుధాల్లేని యువ క్యాడెట్లు ఆవరణలో వరుసలు కట్టి కవాతు సాధన చేస్తున్నారు. సీసీ కెమెరాలో అదంతా నమోదవుతోంది. ఒక్కసారిగా వాళ్ల మధ్యలోనే పేలుడు. 26 మంది చనిపోయారు. ఎవరూ మా పని అనలేదు. ఆ ఆగస్టులో బీబీసీ తన పరిశోధన బయటపెట్టింది: అక్కడ దొరికిన శకలాలు బ్లూ యారో–7 అనే చైనా క్షిపణివి, అప్పట్లో లిబియాలో దాన్ని ప్రయోగించగలిగింది వింగ్ లూంగ్–2 ఒక్కటే, ఆ డ్రోన్లను అల్ ఖాదిమ్ స్థావరం నుంచి నడిపింది యూఏఈ. లిబియా మీద 2011 నుంచీ ఐక్యరాజ్యసమితి ఆయుధ నిషేధం ఉంది. తాము సైనికంగా జోక్యం చేసుకోలేదన్నదే యూఏఈ మాట. తయారు చేసిందొకరు, కొన్నదొకరు, పేలింది మూడో దేశంలో. చనిపోయిన పిల్లల తల్లిదండ్రులు జవాబు అడగడానికి ఎవరి తలుపు తట్టాలి?

అదే ఏడాది జూలైలో అమెరికా 1987 నాటి ఆ నిబంధనను తన వరకు సడలించింది. గంటకు 800 కిలోమీటర్ల కన్నా నెమ్మదిగా ఎగిరే డ్రోన్లను ఇకపై ఆ కఠిన నిషేధం కింద చూడబోమని ప్రకటించింది. ట్రిపోలీ దాడి నుంచి అమెరికా ప్రభుత్వం నేర్చుకున్నదేమీ అందులో కనిపించదు. సంత చైనా చేతుల్లోకి పోతోందన్న బెంగే కనిపిస్తుంది. రీపర్, వింగ్ లూంగ్–2 రెండూ 800 కన్నా చాలా నెమ్మదిగా ఎగిరేవే.