వృద్ధులకు నొప్పుల గోలీ



దావీదు రాజు తనతో యెరూషలేమునకు రమ్మని పిలిచినప్పుడు 80 ఏండ్ల బర్జిల్లయి తన వయస్సును దాచుకోలేదు. తిన్నదాని రుచి కూడ తెలియుటలేదని ఒప్పుకున్నాడు. యౌవనములోని శరీరము వేరు, వృద్ధాప్యములోని శరీరము వేరు. నొప్పుల గోలీ మింగేటప్పుడు ఈ సంగతినే మరచిపోతున్నాము.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతముల సంఘ పెద్దలలో అనేకులు వేరుశనగ పీకి, పత్తి ఏరి, వలసపోయి మట్టి మోసి మోకాళ్ళు అరగదీసుకున్నవారే. వారు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలలో డైక్లోఫెనాక్ ఒకటి. ‘ఎస్.ఆర్.’ అని రాసిన 100 మిల్లీగ్రాముల మాత్ర మెల్లగా కరిగి, గంటల తరబడి మందును రక్తములోకి వదులుతుంది. నొప్పి వెంటనే తగ్గలేదని అదే రోజు మరొకటి వేసుకోకూడదు. నమలకూడదు, నూరకూడదు. అలా చేస్తే రోజంతటి మందు ఒక్కసారే వంట్లోకి దిగుతుంది.

వయస్సు మీదపడితే జరిగేదేమిటి? 40 దాటాక చాలామందిలో మూత్రపిండముల వడపోత ఏడాదికి సుమారు 1 శాతము తగ్గుతూ వస్తుంది. మన దేహములో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థములున్నవి. నొప్పిని, వాపును పెంచేవి అవే. కడుపు లోపలి పొరను కాపాడేవి, మూత్రపిండములకు రక్తము తగ్గకుండ చూచేవి కూడ అవే. ఈ మాత్ర మంచి చెడు చూడక అన్నిటినీ ఆపుతుంది. మెల్లగా కరిగే మాత్రతో కడుపుకు, మూత్రపిండములకు తేరుకునే వ్యవధి తక్కువ. యౌవనస్థులు చాలావరకు తట్టుకుంటారు. వృద్ధులలో కడుపులో పుండుపడి రక్తము కారవచ్చు, మూత్రపిండములు దెబ్బతినవచ్చు, బి.పి. పెరగవచ్చు.

అందుచేత బి.పి., షుగరు, గుండె జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు డాక్టరును అడుగకుండ వాడరాదు. వాంతులు, విరేచనములు అయినప్పుడు, ఎండలో పనిచేసి నీరసించినప్పుడు అసలే వద్దు. పేర్లు వేరైన రెండు నొప్పి మాత్రలు కలిపి మింగరాదు. మలము తారువలె నల్లగా వచ్చినా, కాళ్ళు వాచినా, మూత్రము తగ్గినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తరచు వాడేవారు క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవాలి. పారాసిటమాల్, పైపూత మందు, కాపడము సరిపోతాయేమో డాక్టరును అడగండి.

తల్లిదండ్రులను సన్మానించుట దేవుని ఆజ్ఞ. చదువు వచ్చిన కుమారులారా, కుమార్తెలారా, ఈ ఆదివారము ఆరాధన నుండి ఇంటికి వెళ్ళగానే అమ్మ కొంగున, నాయన పెట్టెలో ఉన్న మాత్రల అట్టలు తీసి చదివి చెప్పండి. లూకా వైద్యుని తన సేవలో వాడుకొన్న ప్రభువు మన పెద్దలను కాపాడును గాక. ఆమేన్.